మూడు గంటలలోపు నాలుగు టైర్లు

ముందు రోజు మధ్యాహ్నం వాహనాల తనిఖీ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు టైరు దగ్గర గొంతుకూర్చుని, బొటనవేలి గోరుతో రబ్బరును గట్టిగా నొక్కాడు. అంతే. అద్దంలా నిగనిగలాడే ఆ టైరు మీద సన్నని పగుళ్ళు, ఎండిపోయిన సబ్బుబిళ్ళ మీద పడతాయే అలాంటివి, ఒకదాని పక్కన ఒకటి నోళ్ళు తెరిచాయి.

"నాలుగూ పోయాయమ్మా. రేపు మూడింటిలోపు కొత్తవి వేయించుకుని రండి, కాగితం ఇస్తాను. మూడు దాటితే కౌంటరు మూసేస్తాం" అన్నాడు.

ఆ మాట విని, కారు నడిపి తెచ్చిన మరదలు వంగి మిగతా మూడు టైర్లూ చూసింది. పక్కనే నిలబడ్డ వదినకు మాత్రం ఒళ్ళు మండింది. "నా టైర్లను పట్టుకుని పోయాయంటాడా! ఈయన కళ్ళే పోయినట్టున్నాయి" అని ఇంటికి వచ్చేదాకా గొణుగుతూనే ఉంది.

ఆ కాగితం ఎందుకంటే, ఊరి చివర కొండదారిలో నాలుగు ఇళ్ళున్నాయి. నాలుగిళ్ళలో నలుగురు చిన్నపిల్లలు. బడి బస్సు అంత పైకి ఎక్కదు. వాళ్ళను తీసుకెళ్ళే ముసలాయన పని మానుకున్నాడు. బడి పెద్దమ్మగారు ఆ రోజు పొద్దునే మరదలిని పిలిచి, "రేపు సాయంత్రానికి తనిఖీ కాగితం నాకు చూపిస్తే ఎల్లుండి నుంచి ఆ పని మీదే. లేదా, వ్యాను ఆయన ఒకడు వస్తానని వారం రోజులుగా తిరుగుతున్నాడు, అతనికి ఇచ్చేస్తాను" అని తేల్చి చెప్పింది. పిల్లలను ఎక్కించి దించడానికి ఇంకో మనిషి కూడా ఉండాలంది. ఆ మనిషి వదిన.

మరదలు ఇరవై రెండేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఒక్క కాలరు వంకర పోయిందని ఎవరూ అనలేదు. ఆ ఫ్యాక్టరీకి తాళం పడ్డాక, నలభై తొమ్మిదేళ్ళ వయసులో కారు నేర్చుకుంటానంటే నవ్వనివాడు లేడు. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. చూపు మందగించి తను నడపలేని కారు తాళాలు తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. పరీక్ష రెండుసార్లు పోయింది, మూడోసారి గట్టెక్కింది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. లేనివి నాలుగు టైర్లు.

అందుకే మర్నాడు పొద్దున కాఫీ కూడా నిలబడే తాగేసింది. పదిన్నర కల్లా వదినామరదళ్ళిద్దరూ గాలాయన షాపు ముందు కారు ఆపారు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు సైకిళ్ళకు గాలి కొట్టేవాడట, ఇప్పుడు లారీల టైర్లు కూడా అమ్ముతున్నాడు, అయినా గాలాయనే. షాపంతా కొత్త రబ్బరు వాసన. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరల్లో టైర్లు, మధ్యలో కారు ఎత్తే ఇనుప బల్ల, మూలన గిర్రున తిరిగే బ్యాలెన్సింగ్ మిషను. ఆ వాసన తగలగానే మరదలికి ఎందుకో పండగలా అనిపించింది. ఇన్నేళ్ళూ ఎవరో కొన్న బట్టకు కాలరు కుట్టిందే గానీ, ఒక బండికి కాళ్ళు తను ఎంచడం ఇదే మొదలు.

"అబ్బో, ఇదేం నలుపండీ! ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు" అన్నాడు గాలాయన పాత టైర్లను చూసి.

వదిన ఉబ్బిపోయింది. "మరేమనుకున్నారు! పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం నేనే తుడుస్తాను. ఒక్క వారం తప్పలేదు."

"దేంతో తల్లీ?"

"నూనెతో. కుట్టుమిషను నూనె. మా మరదలే ఫ్యాక్టరీ నుంచి సీసాల్లో తెచ్చేది."

గాలాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "రబ్బరుకు మిషను నూనె పట్టించారా! అది తాగి తాగి రబ్బరు లోపలంతా చచ్చిపోతుందమ్మా. పైకి మెరుపే, లోపల ఏమీ మిగలదు. ఇన్‌స్పెక్టరు గోరు పెట్టాడు కాబట్టి సరిపోయింది, కొండ మీద రాయి పెట్టి ఉంటేనా!"

"అంటే... నేనే పాడుచేశానా?" వదిన గొంతు సన్నబడింది.

"ఇవి ఎన్నేళ్ళవి?"

"అయిదు."

"అంతకు ముందువో?"

"వాటికీ నేనే రాశాను. అవి ఒకరోజు బజారు మధ్యలో ఢామ్మని పేలాయి. రోడ్డు బాలేదనుకున్నాం."

మరదలు ఆపుకోలేక నవ్వేసింది. వదిన గిరుక్కున తిరిగింది. "నవ్వవే, నవ్వు. సీసాలు తెచ్చిచ్చిన మహాతల్లివి నువ్వేగా! వద్దని ఒక్కరోజన్నా అన్నావా?"

"నాకేం తెలుసు వదినా? కత్తెరకు రాస్తే మెరిసింది, టైరుకు రాసినా మెరిసింది."

"చాల్లే. ఇద్దరం కలిసే తగలేశాం. ఇప్పుడు కొత్తవి చూడు, గంట పదకొండవుతోంది."

గాలాయన మూడు రకాలు తెచ్చి నేల మీద వరసగా నిలబెట్టాడు. మొదటిది లావుగా, పక్కన తెల్లటి అక్షరాలతో పెళ్ళికొడుకులా ఉంది. రెండోది గట్టిది, ఏళ్ళ తరబడి అరగదట. మూడోది చూడ్డానికి మసిగుడ్డలా వెలవెలబోతోంది గానీ, దాని మీద గాళ్ళు లోతుగా, మధ్య నుంచి రెండు పక్కలకూ ఏటవాలుగా దిగి ఉన్నాయి.

"ఇది తీసుకుందాం" వదిన మొదటిదాన్ని చటుక్కున పట్టుకుంది. "పిల్లలు చూస్తే మురిసిపోతారు."

మరదలు వెళ్ళి మూడోదాని ముందు కూర్చుంది. ఇరవై రెండేళ్ళు బట్ట చూసిన కళ్ళు కదా, కుట్టు ఎటు పోతోందో, మడత ఎక్కడ విప్పుకుంటుందో చూడకుండా ఉండలేవు. గాడిలో వేలు పెట్టి మధ్య నుంచి అంచు దాకా లాగింది. లంగా కుచ్చెళ్ళలాగే ఉన్నాయి. ఎక్కడా ముడి పడలేదు, ఎక్కడా మూసుకుపోలేదు.

"ఈ గాడిలో పడిన నీళ్ళు ఎటు పోతాయండీ?" అని అడిగింది.

గాలాయన ముఖం వెలిగిపోయింది. "ముప్పై ఏళ్ళుగా ఈ గద్దె మీద కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళంతా ఎన్నేళ్ళు వస్తుందనే అడిగారు. నీళ్ళెటు పోతాయని అడిగింది నువ్వొక్కదానివేనమ్మా! ఆగు, చూపిస్తా." పరుగున వెళ్ళి మగ్గుతో నీళ్ళు తెచ్చాడు. నేల మీద ఇంత పొడుగున ఒంపి, గట్టిదాన్ని దొర్లించాడు. అది నీళ్ళను ముందుకు నెట్టుకుంటూ పోయింది, వెనకాల నేలంతా తడే. తర్వాత మూడోదాన్ని దొర్లించాడు. నీళ్ళు చెరో పక్కకూ చివ్వున చిమ్మి, ఒక చుక్క వెళ్ళి వదిన కళ్ళజోడు మీద పడింది. మధ్యలో నేల ఆరినట్టే కనబడింది.

"ఇదే!" మరదలు చప్పట్లు కొట్టేసింది, ఆ వయసులో, షాపు మధ్యలో. "వదినా, చూశావా! ఇదే కావాలి!"

"అందం లేదే దానికి."

"నూనె రాస్తే వస్తుందిలే."

"నోరు ముయ్యి" అంటూనే వదిన నవ్వాపుకోలేకపోయింది. కళ్ళజోడు తుడుచుకుంటూ, "సరే, నాలుగు దింపండి" అని ఒప్పేసుకుంది.

మూడు కింది అరలోనే ఉన్నాయి. నాలుగోదాన్ని గాలాయన నిచ్చెన వేసుకుని అటక మీద నుంచి దింపాడు. కారును పైకి ఎత్తి, పాత టైర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు. వదిన ఊరికే కూర్చోలేని మనిషి. కొత్తవి నాలుగూ గోడకు చేరవేసి ఉంటే, ఆదివారం అలవాటు కొద్దీ ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నిమురుతూ వెళ్ళింది. మొదటిది, రెండోది, మూడోది. నాలుగోదాని దగ్గర ఆగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మూడోది నొక్కింది.

"ఇది వాటి తోడబుట్టింది కాదు" అంది.

"అదే కంపెనీ, అదే గాడి. స్టిక్కరు కూడా ఉంది చూడండి" అన్నాడు గాలాయన కారు కింద నుంచి.

"స్టిక్కరు సంగతి నాకు తెలియదు. పదకొండేళ్ళు రబ్బరు రుద్దిన వేలు ఇది. ఆ మూడూ వేలికి లొంగుతున్నాయి, ఇది ఎదురు తిరుగుతోంది."

"అమ్మా, టైర్లను చంపినావిడ ఇప్పుడు టైర్లకు నాడి చూస్తుందా!"

ఆ మాట వదినకు సూదిలా దిగింది. అయినా కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "చంపాను కాబట్టే నాకు తెలుసు, చావు ఎలా ఉంటుందో. పిల్లలెక్కే బండి ఇది. నేనిక్కణ్ణుంచి జరగను" అంది.

మరదలికి వదిన సంగతి తెలుసు. ఉప్పెక్కువైందని ఎవరన్నా అంటే ఒప్పుకోదు గానీ, తన చేతికి తెలిసినదాని గురించి అబద్ధం చెప్పదు. అందుకని టైరు పక్కన వంగి చూసింది. గాలాయన కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అంచు దగ్గర కోడిగుడ్డు ఆకారంలో చిన్న గీత, దాని లోపల నాలుగు అంకెలు. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కింది మూడూ మొన్న మొన్న పుట్టినవి. నాలుగోదానికి ఏడేళ్ళు నిండాయి.

గాలాయన ముఖం పాలిపోయింది. "ముందొచ్చింది అటకెక్కితే వెనకొచ్చింది అమ్ముడుపోతూ ఉంటుంది. నేనే చూసుకోలేదు. క్షమించు తల్లీ" అని ఆ టైరును తనే తీసుకెళ్ళి, ఎవరికీ అమ్మకుండా సుద్దముక్కతో పెద్ద అడ్డగీత గీశాడు.

వదిన గొప్పకు పోలేదు. "ఇంకొకటి తెండి మరి" అంది అంతే.

ఇంకొకటి లేదు! గాలాయన మూడు షాపులకు ఫోన్ చేశాడు. ఒకడు రేపన్నాడు, ఒకడు వేరే గాడి ఉందన్నాడు, ఒకడు ఎత్తనే లేదు. ఒంటిగంట దాటింది. మరదలికి కళ్ళ ముందు ఆ వ్యాను ఆయన బడి గేటు దగ్గర మీసం దువ్వుకుంటూ నిలబడ్డట్టే ఉంది.

"మన డిక్కీలో స్టెప్నీ ఉందిగా?" అంది ఆశగా.

వదిన తల దించుకుంది. "దానికీ రాశాను."

గాలాయన తల గోక్కున్నాడు. గడియారం చూశాడు. తర్వాత ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించాడు. "ఒక్కచోట ఉంది. పోయినవారమే వేశాను, ఇదే టైరు, ఇదే సైజు. కానీ అక్కడ అడగాలంటే నాకు గుండెదడ."

"ఎవరిదండీ?"

"మా ఆవిడ కారు."

ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టకపోయినా ఆవిడ గొంతు షాపంతా వినబడింది. "నా కారు టైరు విప్పుతావా? కావాలంటే నీ కాలు విప్పి తగిలించుకో! రెండేళ్ళు అడిగితే వేశావు, వారం తిరక్కుండా పీక్కుపోతావా!"

గాలాయన ఫోన్ను చెవికి దూరంగా పట్టుకుని, నా వల్ల కాదన్నట్టు చూశాడు. మరదలు చటుక్కున లాక్కుంది.

"అక్కా, నేనక్కా, మీకు తెలియదు. కొండదారిలో నలుగురు పిల్లలున్నారు. రేపటి నుంచి వాళ్ళను బడికి తీసుకెళ్ళాలి. మూడింటిలోపు నాలుగో టైరు లేకపోతే ఆ పని నాకు రాదు. ఒక్క రోజుకివ్వండి, రేపు కొత్తది రాగానే మీకు బిగించేస్తారు."

మరదలు ఫోన్ను చెవికి గట్టిగా అదుముకుంది.

"కొండదారా?" అంది ఆవిడ, ఈసారి నెమ్మదిగా. "మూడో మలుపులో గోడ పక్కన ఎప్పుడూ నీళ్ళు పారుతుంటాయి, ఆ దారేనా? అక్కడే నా స్కూటీ జారి నెల్లాళ్ళు కట్టుతో పడుకున్నాను. ఏ టైర్లు ఎంచావు?"

"నీళ్ళు పక్కకు పోయేవి."

"ఆ మనిషే చెప్పాడా?"

"లేదక్కా, నేనే చూశాను."

"అయితే వస్తున్నా. జాకీ సిద్ధంగా పెట్టమను. మాట్లాడుతూ కూర్చోవద్దను."

పది నిమిషాల్లో ఎర్ర కారు రయ్యిన వచ్చి షాపు ముందు ఆగింది. ఆవిడ దిగీ దిగకముందే నట్లు విప్పే పానా అందుకుంది. ఇక చూడండి ఆ షాపు సందడి! ఆవిడ నట్లు వదులు చేస్తే గాలాయన చక్రం లాగాడు. ఎర్ర కారుకు దాని సన్నపాటి స్టెప్నీ తగిలించారు. తీసిన టైరును రిమ్ము నుంచి ఊడదీసి వీళ్ళ కారు రిమ్ముకు ఎక్కించారు. "బాణం! బాణం గుర్తు ముందుకుండాలి, లేకపోతే నీళ్ళు లోపలికి లాగుతుంది" అని గాలాయన అరిస్తే, "ముప్పై ఏళ్ళ నుంచి నీతో ఉంటున్నాను, నాకు చెబుతావా" అని ఆవిడ అరిచింది. బ్యాలెన్సింగ్ మిషను గిర్రున తిరిగింది, బరువు సరిచేసే చిన్న సీసపు ముక్కలు రిమ్ములకు టక్కుటక్కున అంటుకున్నాయి, గాలి బుస్సుమంది. వదిన ఒక్కొక్క నట్టూ చేతికందిస్తూ, ఇరవయ్యోది బిగిసే దాకా ఊపిరి బిగబట్టింది.

కారు కిందికి దిగింది. రెండూ ఇరవై అయిదు. ఆఫీసు పన్నెండు కిలోమీటర్లు.

గాలాయన కిటికీలోంచి తల పెట్టాడు. "అమ్మా, ఒక్క మాట. కొత్త టైరు మీద మొదట్లో జారుడు పూత ఉంటుంది. అది అరిగేదాకా గట్టిగా బ్రేకు కొట్టొద్దు, మలుపులో విసురొద్దు. నెమ్మదిగా పో."

నెమ్మదిగా పొమ్మంటే అప్పుడే వాన మొదలైంది. ఏడాదిగా పక్క సీట్లో కూర్చుని "నెమ్మదే, నెమ్మదే" అని ప్రాణం తీసిన వదిన, ఆవేళ మాత్రం "తొక్కవే! సైకిలు కూడా మనల్ని దాటిపోతోంది!" అని డ్యాష్‌బోర్డు మీద గుద్దింది.

"పూత వదినా, పూత!"

"నీ పూత పాడుగాను, నలభై అయిదైంది!"

మరదలు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ముందు బండికీ తనకూ మధ్య రెండు బండ్లు పట్టేంత చోటు వదిలి, ఒక్క కుదుపు లేకుండా పోనిచ్చింది. చక్రాల కింద నీళ్ళు చెరో పక్కకూ విసనకర్రలా విచ్చుకుంటుంటే ఆ చప్పుడు అరికాళ్ళ దాకా తెలుస్తోంది. భయం ఉండాల్సిన చోట ఆవిడకు నవ్వొస్తోంది. కారు తన మాట వింటోంది!

రెండూ యాభై రెండుకు ఆఫీసు గేట్లోకి తిరిగింది. ఇన్‌స్పెక్టర్ గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. గోరుతో నొక్కాడు. నాలుగు బాణాలూ చూశాడు. నాలుగు టైర్ల అంకెలూ వంగి వంగి చదివాడు. నాలుగోదాని దగ్గర ఆయన వంగినప్పుడు వదిన మరదలి చెయ్యి ఎంత గట్టిగా పిసికిందంటే గాజులు చిట్లలేదంతే.

"బాగున్నాయి. ఇక బ్రేకు. అదిగో తెల్లగీత. ముప్పై స్పీడులో వచ్చి గీత దాటకుండా ఆపాలి" అన్నాడు.

నేలంతా తడి. టైర్ల మీద పూత. వదిన దిగి గోడ వైపు తిరిగి నిలబడింది, చూడలేక.

మరదలు వెనక్కి వెళ్ళి, తిప్పుకుని, బయల్దేరింది. ముల్లు ముప్పై మీదికి వచ్చింది. అందరూ గీత దగ్గరికి వచ్చి తొక్కుతారు. ఆవిడ గీత ఇంకా దూరంగా ఉండగానే, మెత్తగా, మిషను పెడలు మీద కాలు ఆన్చినట్టు ఆన్చి, కొంచెం కొంచెంగా నొక్కుతూ వచ్చింది. కారు జారలేదు. మూతి ఊపలేదు. ఆగింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి గీతకూ చక్రానికీ మధ్య చూశాడు. జానెడు.

"అంత ముందే ఎందుకు తొక్కారు?"

"టైర్లు కొత్తవి సార్, వాటికింకా నేల పరిచయం కాలేదు. అయినా వెనక పిల్లలుంటే ఎప్పుడూ ముందే తొక్కుతాను."

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, కౌంటరు మీద కాగితం పరచి, ముద్ర గుద్దాడు. ఆ చప్పుడుకు వదిన గోడ దగ్గర నుంచి తిరిగి, "అయిందా? అయిందటే? నోరు తెరిచి చెప్పవేం!" అని అరిచింది. మరదలు చెప్పలేక కాగితం ఊపింది. ఇద్దరూ వానలో ఒకరినొకరు పట్టుకుని గెంతారు. కాగితం ఫొటో తీసి బడి పెద్దమ్మగారికి పంపితే, "రేపు ఏడున్నర. ఆలస్యం వద్దు" అని జవాబొచ్చింది.

ఇంటికి పోబుద్ధి కాలేదు ఎవరికీ. "ఒకసారి దారి చూసుకుందామా?" అంది మరదలు. "అడుగుతావేం, తిప్పు" అంది వదిన. వాన తగ్గింది. కొండదారి మొదలైంది. మూడో మలుపులో గోడ పక్కన నిజంగానే నీళ్ళు పారుతున్నాయి. మరదలు వేగం తగ్గించి నడక మీద పోనిచ్చింది. నీళ్ళు పక్కలకు విచ్చుకున్నాయి, చక్రాలు కింది రాతిని పట్టుకున్నాయి. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి, ఎక్కడ తిప్పాలో, ఎటు తలుపు తీయాలో వదిన లెక్క చూసుకుంది. నాలుగో ఇల్లు కొండ కొసన. అక్కడ ఉత్సాహం పట్టలేక మరదలు హారను రెండుసార్లు కొట్టింది.

లోపల ఏదో దబ్బున పడ్డ చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఆరేళ్ళ పిల్ల, ఒక కాలికే చెప్పు, రాత్రి వేసుకునే గౌనులో, వీపున బడిసంచి తగిలించుకుని పరుగెత్తుకొచ్చింది. మధ్యాహ్నం పడుకుని లేచినట్టుంది, కళ్ళు ఇంకా సగమే విడ్డాయి.

"వచ్చేశాను! వెళ్ళిపోకండి!" అని గేటు దాకా వచ్చి, రెండు చేతులతో కారు తలుపు పట్టుకుంది.

"బడి రేపమ్మా" అంది వదిన, నవ్వు దాచుకుంటూ.

పిల్ల ఆకాశం వంక చూసింది. కారు వంక చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. "అయితే ఇప్పుడెందుకొచ్చారు?"

మరదలు గుమ్మం వైపు చూసి, "ఒకసారి తిప్పి తీసుకురమ్మంటారా?" అని అడిగింది. గుమ్మంలోకి వచ్చిన తల్లి నవ్వుతూ సరేనన్నట్టు తలూపింది. వదిన దిగి, పిల్లను ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, రెండుసార్లు లాగి చూసింది.

"పోనియ్యవే" అంది. "కింది మలుపు దాకా."